సికింద్రాబాదు వీథి వర్తకమున తూనికలు, నాణెములు, కొసరు

ఆంధ్రదేశ చరిత్రము వ్రాసినవారిలో పెక్కండ్రు రాజుల దండయాత్రలను, దానశాసనములను విస్తరించి వ్రాసిరి గాని, గంప దింపి వీథిప్రక్కన కూర్చున్న కూరగాయలమ్మి చేతి తక్కెడను గూర్చి వ్రాసినవారు అరుదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఈ కొఱతను కొంత తీర్చినది. సామాన్యజనుల తిండియు, బట్టయు, బేరమును చరిత్రకారునకు తగిన విషయములే యని ఆ గ్రంథము నిరూపించినది. ఆ త్రోవను పట్టియే మేము ఈ వ్యాసమున నొక చిన్న ప్రశ్నను విచారింపనెంచితిమి. అంగడి లేనివానివద్ద, చీటీ వ్రాసి యీయనివానివద్ద, ఱేపు కనబడునో లేదో తెలియనివానివద్ద సరకు కొనువాడు మోసపోకుండ తన్ను తానెట్లు కాపాడుకొనుచు వచ్చెను? చట్టము వానిని కాపాడెనా, వాని లెక్క కాపాడెనా, లేక మఱియొకటి కాపాడెనా? ఇందుకు మాకు దొరకిన సాక్ష్యములు మూడు: నాణెములు, తూనికరాళ్ళు, సంతలో వాడు తెలుగుమాటలు. మూడవదానిని చరిత్రకారులు సాధారణముగ సాక్ష్యముగ నెంచరు, మేమెంచుచున్నాము.

సికింద్రాబాదును ఎన్నుకొనుటకు కారణము కలదు. 1798లో నిజాముతో కుదిరిన సైన్యసహకార సంధి ననుసరించి హుస్సేనుసాగరమునకు ఉత్తరమున ఇంగ్లీషు దండు విడిసినది. 1806లో ఆ విడిదికి సికందర్ జా పేర సికింద్రాబాదను నామము కలిగినది. జనులు మాత్రము దానిని 'లష్కరు' అనియే పిలిచిరి. నేటికిని బోనాల పండుగనాడు 'లష్కరు బోనాలు' అనియే యందురు. లష్కరనగా దండు. దండులోనికి వచ్చు సరకుపై సుంకము లేకుండుటచే వర్తకులు తండోపతండములుగ చేరిరి. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు అట్లు పుట్టినవి. గుడారములు వేయు కళాసులు కళాసిగూడలో, పల్లకీలు మోయు బోయీలు బోయిగూడలో కాపురముండిరి. ఉజ్జయినీ మహంకాళి గుడియు దండులో డోలీ మోసిన సురిటి అప్పయ్య 1815లో కట్టించినదే యని ప్రతీతి. 1813లో కలరా చెలరేగినపుడు మ్రొక్కిన మ్రొక్కు అట్లు తీరినదట. ఈ దండులోనివారు, దండు వెంట వచ్చినవారు చాలవఱకు మద్రాసు రాజధానినుండి వచ్చినవారు. సరకు తెచ్చువారో, చుట్టునున్న తెలంగాణ పల్లెలవారు. కొనువానికి తెలిసిన కొలత యొకటి, అమ్మువానికి తెలిసిన కొలత యొకటి. చెఱువునకు దక్షిణమున చెల్లు నాణె మొకటి, ఉత్తరమున చెల్లు నాణె మింకొకటి. వీథిలో కొనువానికి ఇంతకంటె చిక్కైన ఊరు తెలుగునాట మఱియొకటి యుండెనని తోపదు.

నాణెముల సంగతి ముందు చూతము. నిజాము రాజ్యమున చెల్లినది 'హాలీ సిక్కా' రూపాయి. ఇంగ్లీషువారి యధికారమున నున్న లష్కరులో చెల్లినది 'కల్దారు' రూపాయి. 'కల్' అనగా యంత్రము, యంత్రమున ముద్రింపబడినది గనుక ఆ పేరు. 20వ శతాబ్దమున స్థిరపడిన మారకము చొప్పున 6 కల్దారు రూపాయలు 7 హాలీ రూపాయలతో సమానము. అనగా కల్దారు రూపాయి యొకటికి హాలీ రూపాయి మీద 2 అణాల 8 పైలు చెల్లింపవలెను. రూపాయల బేరము చేయువానికి ఈ లెక్క కష్టము గాదు. సరాఫు కూర్చుండి పై వఱకు లెక్కగట్టి యిచ్చును. అణా సరకు కొనువానికిని చిక్కులేదు, 12 పైలకు మాఱుగ 14 పైలు ఇచ్చిన చాలును. పాత పైసా, అనగా 3 పైల సరకు కొనుదానికే చిక్కు. దాని హాలీ వెల మూడున్నర పైలు. అరపై నాణెము లేదు. నాలుగు పైలు ఇచ్చినచో ఏడవవంతు నష్టము. ఈ నష్టమును చేసినవాడెవడు? అమ్మువాడు దొంగిలింపలేదు, నాణెములకు అంతకంటె చిన్న ముక్కలు లేవు, అంతియే. ఈ 'ఏడవవంతు'ను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక.

తూనికలలో గందరగోళము ఇంతకంటె హెచ్చు. మద్రాసు లెక్కలో 3 తులములు పలము, 8 పలములు సేరు, 5 సేర్లు వీసె, 8 వీసెలు మణుగు. ఆ సేరు 24 తులములే. 1833లో తులమును 180 గ్రెయినులుగ నిర్ణయించిన బంగాళపు పద్ధతిలో సేరు 80 తులములు, మణుగు 40 సేర్లు. ఒకే 'మణుగు' అను మాట ఒకనికి 960 తులములు, వేఱొకనికి 3,200 తులములు! తెలివిగల జనులు రెండింటికిని రెండు విశేషణములు తగిలించి 'కచ్చా సేరు', 'పక్కా సేరు' అని వేఱుపఱచుకొనిరి. ధాన్యము కొలుచునపుడు గిద్దలు, సోలలు, తవ్వలు, మానికలు వచ్చును. వీనిలో మోసమునకు తావు కొలపాత్రలో కంటె కొలుచు చేతిలో హెచ్చు. మానికను శిఖరముగ పోసి కొలుచుటకును, తల గొట్టి కొలుచుటకును భేద మెంతయో కొలిపించుకొన్న యిల్లాండ్రకే తెలియును. దండు బజారులలో ధరలను అధికారులు చాటించుట వాడుకగా నుండెను. ఆ ధరలపట్టికకు పారసీకమున 'నిరఖ్' అని పేరు. అదియే తెలుగున 'నిరుకు' అయినది. నిరుకు సేరు ధరను చెప్పును గాని ఛటాకు ధరను చెప్పదు. ఛటాకులతో కొనువారు ఎపుడును నిరుకునకు వెలుపలనే యుండిరి.

స్వాతంత్ర్యానంతరము ఈ రెండు ద్వంద్వములును తొలగినవి. హాలీ రూపాయి 1950 తరువాత భారత రూపాయి ప్రక్కన కొంతకాలము చెల్లి, పిమ్మట ఉపసంహరింపబడినది. 1957 ఏప్రిలు 1వ తేదీన నయాపైసలు వచ్చినవి. 1956 నాటి తూనికలు కొలతల చట్టము ననుసరించి 1958 అక్టోబరు మొదలు కిలోగ్రాము ప్రవేశించినది. ఈ సంస్కరణము గొప్పది. దశాంశపద్ధతి లెక్కను తేలిక చేసినదనుటలో సందేహము లేదు. అయినను మారిన దినములలో వీథిలో ఏమి జరిగియుండునో అంకెలను బట్టియే చెప్పవచ్చును. అణా 6¼ నయాపైసలు. ప్రభుత్వము ప్రకటించిన మార్పిడిపట్టికలో అణాకు 6, అర్ధణాకు 3, పాత పైసాకు 2 నయాపైసలు. అణా సరకును ఒకేసారి కొన్నవాడు 6 నయాపైసలు ఇచ్చెను. దానినే పాత పైసా చొప్పున నాలుగు పూటలు కొన్న కూలిమనిషి 8 నయాపైసలు ఇచ్చెను. పట్టిక తప్పుగాదు; ప్రతి మెట్టునను అది దగ్గఱి అంకెనే చూపినది. ఆ దగ్గఱితనమే నాలుగుమార్లు కూడి మూడవవంతు భారమైనది.

తూకమునను ఇట్లే జరిగినది. పక్కా సేరు 933 గ్రాములు. కిలో సుమారు 86 తులములు. పావుసేరు 233 గ్రాములు గనుక పావుకిలోగ మాఱినపుడు సరకు కొంచెము పెరిగినది, వెలయు దానికి తగినట్లు పెరిగియుండును. సేరులో ఎనిమిదవవంతైన నవటాకు 116.6 గ్రాములు. న్యాయముగ నది కిలోలో ఎనిమిదవవంతు, అనగా 125 గ్రాములు కావలెను. కాని కూరగాయలమ్మువారు వాడు ఆఱుపలకల ఇనుపరాళ్ళు 50 గ్రాములతో మొదలై 100, 200, 500, కిలో అని సాగును. 125 తూచవలెనన్న 20, 5 గ్రాముల ఇత్తడిరాళ్ళు కావలెను. అవి సుగంధద్రవ్యములమ్ము కొట్లలో నుండును గాని గంపలో నుండవు. కావున నవటాకు స్థానమున 100 గ్రాములు, ఛటాకు స్థానమున 50 గ్రాములు నిలిచినవి. వెల మారనిచో రెండింటను నష్టము ఏడవవంతే. 116.6కు 100 అను ఈ నిష్పత్తి హాలీ, కల్దారుల 7కు 6 అను నిష్పత్తితో దాదాపు అక్షరాల సరిపోవుచున్నది. ఇది కాకతాళీయమే గాని, లష్కరు పేదవాడు రెండుతరములలో రెండుమార్లు ఒకే భిన్నమునకు లోబడెనను మాట చరిత్రలో విస్మరింపదగినది గాదు.

భాషయు దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. మోండా మార్కెట్టులో నేటికిని 'పావు', 'అర', 'అద్పావు' వినబడును. సేరు పోయినను సేరు భిన్నములు కిలోకు అంటుకొని బ్రదికినవి. 'ఛటాకు', 'నవటాకు' మాత్రము కూరగాయల బేరమునుండి జారిపోయినవి. రాయి దొరకిన మాట నిలిచినది, రాయి దొరకని మాట పోయినది.

మఱి ఈ భిన్నముల నష్టమును కొనువాడు ఊరక భరించెనా? ఇచటనే 'కొసరు' అను మాటను పరిశీలింపవలెను. తూకము ముగిసిన పిమ్మట అమ్మువాడు పైన వేయు పిడికెడు సరకు కొసరు. దీనిని సామాన్యముగ దాతృత్వమనియో, కొనువాని ఆశ యనియో తలంతురు. 'అసలు కన్న కొసరు ముద్దు' అను సామెతయు ఆ భావమునకే తోడ్పడినది. మాకట్లు తోపదు. నాణెమును, రాయియు విఱువలేని భిన్నమును సరకు రూపమున తీర్చు పద్ధతియే కొసరు. అరపై నాణెము లేకపోవచ్చును గాని అరపై చింతపండు ఉండును. అమ్మువాడు నాలుగు పైలు పుచ్చుకొని చిటికెడు చింతపండు పైన వేసినచో లెక్క సరిపోయినది. కావుననే కొసరు అడుగుటకు తెలుగు ఇల్లాలు సిగ్గుపడదు. యాచనమునకు సిగ్గుపడవలెను గాని బాకీకి సిగ్గేల?

ఈ యూహకు ప్రాచీనమైన బలము కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున తూనికలు కొలతల ప్రకరణము రెండవ యధికరణమునందున్నది. కాచిన నేయి అమ్మునపుడు ముప్పదిరెండవవంతును, నూనె అమ్మునపుడు అఱువదినాల్గవవంతును కొనువానికి అదనముగ నీయవలెనని అందు విధి. వేడిచే ఉబ్బిన ద్రవము కొలతకు హెచ్చుగ కనబడును గనుక దానికి 'తప్తవ్యాజి' అని పేరు. పాత్రకు అంటుకొని మిగిలిపోవు ద్రవమునకు ఏబదవవంతు వేఱుగ చెప్పెను. కొలతలో తప్పనిసరియగు లోటును మోసముగ గాక, లెక్కకట్టి తీర్పవలసిన యంశముగ ఎంచిన దృష్టి యిది. నాల్గవ యధికరణమున 'వైదేహకరక్షణ' మను ప్రకరణమే యున్నది; వర్తకులనుండి జనులను కాపాడుట యని యర్థము. తక్కెడలో అరపలము హెచ్చుతగ్గులు దోషము గావనియు, అది పలమైనచో 12 పణములు దండమనియు అందు గలదు. సహింపదగిన లోటునకును, దండింపదగిన దానికిని నడుమ గీత గీచిన ఆ యాచార్యుని సూక్ష్మదృష్టి మెచ్చదగినది. ఆధునిక కాలమున 1860 నాటి భారత శిక్షాస్మృతి 264 మొదలు 267 వఱకు గల సెక్షనులు 2024లో రద్దగు వఱకు దొంగ తూనికలకు ఏడాది వఱకు కారాగారము విధించుచుండెను. అమ్మువాడు ఎఱిగి మోసగించెనని ఋజువు కావలసియుండెను. 100 గ్రాములని చెప్పి 100 గ్రాములే తూచి నవటాకు వెల పుచ్చుకొన్నవానిని ఆ సెక్షనులు పట్టజాలకుండెను.

కొసరు ఎల్లచోట్ల దొరకదు. బోనాల జాతరలో బొమ్మలు, గాజులు అమ్మవచ్చినవాడు కొసరు వేయడు. ముందు మూడింతలు చెప్పి బేరమున తగ్గించును. 1874లో రైలు వచ్చిన తరువాత సికింద్రాబాదు స్టేషను లష్కరు ద్వారమైనది. కదలుచున్న బండి కిటికీనుండి డబ్బు చాచినవానికి చిల్లరయే తిరిగి దక్కుట కష్టము, కొసరు మాట దూరము. 1989 నాటి రైల్వే చట్టము 144వ సెక్షను అనుమతి లేక బండ్లలో అమ్ముటను నిషేధించినదనగా, రైలులోని బేరమునకు ప్రభుత్వ ముద్ర తప్ప వేఱు పూచీ లేదని చట్టకర్తలును గుర్తించిరన్నమాట. మోండాలో నిత్యము ఒకేచోట గంప దింపు ఆమెయో, కొసరు వేయును. భేదము మనుష్యుల గుణమున లేదు, 'వాడుక'లో నున్నది. తెలుగున ఈ మాటకు రెండర్థములు: ఉపయోగము, నిత్యసంబంధము. 'వాడుక పాలు', 'వాడుక మనిషి' అనుచోట రెండవ యర్థము. ఱేపు మరల రావలసినది గనుక నేడు పుచ్చువంకాయ వేయదు. వేసినచో ఱేపు తిట్టు తినును, ఎల్లుండి గిరాకీ పోవును. వాడుక యిచ్చు పూచీ చట్టపు పూచీకంటె చవుక, శీఘ్రము. తొలి బేరమునకు 'బోణీ' అని పట్టుబట్టుటలో కూడ ఈ నమ్మకమే యున్నది. బోణీ వేళ మోసగించిన దినమంతయు చెడునని అమ్మువారి విశ్వాసము. కొనువారు ఈ విశ్వాసమును ఎఱిగి ప్రొద్దుననే పోవుదురు.

వాడుక లేనిచోట కొనువాడు తన కన్నుమీద ఆధారపడవలెను. ఆ విద్యయు తెలుగువారికి లేకపోలేదు. తక్కెడకాడ చేతులు హెచ్చుతగ్గులైనను, ఒక పళ్ళెము అడుగున బరువు అంటించినను పళ్ళెములు తాఱుమాఱు చేసి తూపించిన బయటపడును. ఇనుపరాయి అడుగున సీసము పోసిన గుంట యుండును. అధికారి ముద్ర ఆ సీసముపై వేయును. రాయిని తిరగవేసి చూచినచో సీసము తోడివేయబడినదో, ముద్ర యున్నదో తెలియును. 2009 నాటి చట్టము 2011 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చినది. దానిక్రింది నియమములలో ఇనుపరాళ్ళకును తక్కెడకును రెండేండ్ల కొకమాఱు, విద్యుత్తు తూనికయంత్రములకు ఏటేట పరీక్ష విధింపబడినది. యంత్రము వచ్చి 'మొగ్గు' అను మాటకు ఎసరు తెచ్చినది. తక్కెడ కొనువానివైపు వ్రాలినంత సేపు అందఱికిని కనబడు న్యాయము ఇపుడు అంకెలలో దాగినది. సంచిని ఎత్తకముందు యంత్రము సున్న చూపుచున్నదా యని చూచుటయే మిగిలిన జాగ్రత్త.

తూకము సరియైనను సరకు సరికాకపోవచ్చును. దీనినిగూర్చి సంగ్రహముగ చెప్పుదుము. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టము 1955 జూను నుండి నడచినది. దాని స్థానమున 2006 నాటి ఆహార భద్రతా చట్టము 2011లో అమలునకు వచ్చి, తోపుడుబండివారు కూడ పేరు నమోదు చేసికొనవలెనని విధించినది. కార్బైడుతో కాయలను మాగవేయుట నిషిద్ధము. పుచ్చకాయకు కత్తితో గంటుపెట్టి ఎఱుపు చూపుట పాత పూచీ. కొనువానికి నమ్మిక కలిగించు ఆ గంటే ఈగలకును ద్వారము. కలరాతో ముడిపడిన కథగల గుడి నీడలో నున్న బజారునకు ఇది చిన్న విషయము గాదు. గంటు పెట్టించి అచటనే తిన్నవాడు సుఖపడును, కోసి యుంచిన ముక్కలు కొన్నవాడు సుఖపడకపోవచ్చును.

వాడుకకు మూలము స్థలము. అమ్ముడువాడు ఒకచోట నిలువలేనిచో వాడుక లేదు, వాడుక లేనిచో కొసరు లేదు. ఈ సంగతిని వీథి వర్తకులను తరుమువారు ఎన్నడును తలంపలేదు. అట్లు తరిమినపుడు నష్టపడునది గంప గల స్త్రీ మాత్రమే కాదు, ఆమెవద్ద పావుకిలో కొను స్త్రీయును. సుప్రీముకోర్టు 1989లో సోదన్ సింగు వ్యాజ్యమున వీథి వర్తకము పరిమితులకు లోబడిన మూలాధికారమని తీర్పు చెప్పినది. 2014లో వచ్చిన వీథి వర్తకుల చట్టము పట్టణ సంఘములలో నూటికి 40 మందికి తక్కువ కాకుండ వర్తకులే యుండవలెనని, ముప్పది దినముల నోటీసు లేక ఎవరిని కదలింపరాదని విధించినది. కొనువారును అమ్మువారును పూర్వమునుండి కూడుచు వచ్చిన చోట్లకు అందు సహజ విపణులని పేరు. ఏబదియేండ్లు దాటిన విపణులను వారసత్వ విపణులుగ ప్రకటించి, అచటివారిని తరలింపరాదని దాని అనుబంధమున గలదు. కొనువానిని గూర్చి ఆ చట్టమున పెద్దగా మాట లేదు. అయినను వాని రక్షణకు ఇటీవల వచ్చిన చట్టములలో నిది ముఖ్యమైనదని మా యభిప్రాయము. టోకు కూరగాయల వర్తకము బోయినపల్లి మార్కెట్టు యార్డునకు తరలినను, చిల్లర బేరము మోండా చుట్టుపట్ల వీథులలో నిలిచియున్నది. ఏబదియేండ్ల లెక్కకు ఆ వీథులకు సాక్ష్యము వెదకనక్కఱలేదు.

నేడు ఆ వీథులలో యంత్రము గ్రాములను చూపును, వెల చరవాణిలో పైసలతో సహా చెల్లును. విఱువలేని భిన్నమే లేదు. మా సిద్ధాంతము నిజమైనచో కొసరు అంతరింపవలెను. కాని సంచి ముడివేసిన పిమ్మట, అంకె చెరిగిపోయిన పిమ్మట, కూరగాయలమ్మి రెండు కరివేపాకు రెబ్బలను పైన వేయుచునే యున్నది. ఇది పాత బాకీల యలవాటో, ఱేపటి వాడుకకు సంచకరువో తేల్చుటకు అమ్మువారి మాటలను వారి నోటనే విని సేకరింపవలసియున్నది.